అటక మీది నక్షత్రం, వేపచెట్టు మీది తిప్పతీగ: మా ఇంటి క్రిస్మస్ డైరీ

నవంబరు 23, ఆదివారం

అటక మీంచి డబ్బాలు దించాం. మా పెళ్లైన ఏడాది కొన్న నాలుగడుగుల ప్లాస్టిక్ చెట్టు ఇప్పుడు గిన్నెలు తోమి తోమి అరిగిపోయిన బ్రష్షులా ఉంది. కొమ్మ పట్టుకుంటే పచ్చ పీచు చేతికొస్తోంది. మెరుపు దండలు నల్లబడ్డాయి. గాజు బంతులు పన్నెండు ఉండాలి, ఏడు మిగిలాయి. మా ఆయన "పారేసి కొత్తది తెచ్చుకుందాం" అన్నారు. రేటు చూశాను, ఆశ చచ్చింది. డబ్బు సంగతి అటుంచినా, ప్రతి పదేళ్లకీ ఒక ప్లాస్టిక్ చెట్టుని చెత్తబండికి ఎక్కించడం నాకు నచ్చలేదు.

డబ్బా అడుగున గోనెసంచిలో చుట్టి మామయ్యగారు కట్టిన వెదురు నక్షత్రం ఉంది. కాగితం ఎప్పుడో పోయింది, చట్రం మాత్రం గట్టిగా ఉంది. అత్తయ్య చేత్తో తడిమి, "రెండు చోట్ల పురికొస వదిలింది, అంతే" అంది. ఆయన పోయాక ఐదేళ్లుగా దాన్ని ఎవరూ కట్టలేదు. రెడీమేడ్ స్టార్ కొనుక్కొచ్చి వేలాడదీస్తున్నాం.

అక్కడే నిర్ణయం అయిపోయింది. ఈసారి కొత్తగా కొనేది ఏమీ ఉండకూడదు. ఉన్నవాటినే బాగుచేయాలి, లోటు పడిన చోట బాపట్ల చుట్టుపక్కల దొరికే ఆకూ కాయా గడ్డీ వాడాలి. గడువు డిసెంబరు 20 రాత్రి. ఆ రోజు మా వీధికి క్యారల్స్ వాళ్లొస్తారు.

నవంబరు 29, శనివారం

సూర్యలంక వెళ్లే దారిలో సరుగుడు తోట కోతలవుతున్నాయి. కర్ర కాగితం మిల్లుకి పోతుంది. చివర్లూ రెమ్మలూ పొయ్యిలోకి పోతాయి. కూలీలని అడిగితే, "కాయలా? ఏరుకో అమ్మా, ఎవరొద్దన్నారు" అన్నారు. అరగంటలో రెండు సంచులు నిండాయి. బొటనవేలి కొస అంత కాయలు, పైన వరసలు వరసలుగా చిన్న చిన్న నోళ్లు తెరిచినట్టు ఉంటాయి. సినిమాల్లో కనిపించే పైన్ కాయలకి ఇవి చుట్టాలేం కావు, కానీ చిన్న చెట్టుకి ఈ సైజే నప్పుతుంది.

మా పాప (పదకొండేళ్లు) ఒక్క కాయా ఏరలేదు. నేను నేర్పిన ఆటలో పడిపోయింది. సరుగుడుకి ఆకుల్లా వేలాడే సన్నటి పుల్లలు అసలు ఆకులే కావు, కణుపులున్న రెమ్మలు. అసలు ఆకులు కణుపు చుట్టూ పొలుసుల్లా ఉంటాయి, కళ్లు చికిలిస్తే గానీ కనబడవు. పుల్లని ఒక కణుపు దగ్గర లాగి మళ్లీ అందులోనే దోపి, "ఎక్కడ విరిచానో చెప్పు" అనాలి. చిన్నప్పుడు మేం గంటలు గంటలు ఆడేవాళ్లం. పాప నన్ను మూడుసార్లు ఓడించింది.

తిరిగొచ్చేటప్పుడు బీచ్ దగ్గర మొక్కజొన్న పొత్తుల బండి ఆమెని పొట్టు అడిగాను. "ఆవు కోసమా?" అంది. దేవదూతల కోసం అన్నాను. ఆమె నవ్వి సంచిలో దూర్చి దూర్చి నింపి ఇచ్చింది.

నవంబరు 30, ఆదివారం

క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమనకాలంలో మొదటి ఆదివారం. చర్చి నుంచి రాగానే రెండు మట్టి మూకుళ్లలో ఇసుకా మట్టీ కలిపి, రాత్రి నానబెట్టిన రాగులు చల్లాను. యేసు పుట్టుకని చూపించే బొమ్మల పశువుల పాక ముందు పచ్చిక కోసం. అత్తయ్య చూసి, "పెళ్లిలో పాలికల్లాగా ఉందే" అంది. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబమే, అయినా వీధిలో ఎన్ని పెళ్లిళ్లు చూడలేదు!

తొందరపడ్డానేమో అని అప్పుడే అనుమానం వచ్చింది. క్రిస్మస్‌కి ఇంకా ఇరవై ఐదు రోజులుంది మరి.

డిసెంబరు 3, బుధవారం

ఈ రోజంతా గుమ్మం దండకే పోయింది. పెరట్లో వేపచెట్టుకి అల్లుకున్న తిప్పతీగని మా ఆయన ఎక్కి కోసిచ్చారు. వేలి లావు తీగ, పైన కాగితంలాంటి తొక్క, దాని మీద బుడిపెలు. పచ్చిగా ఉన్నప్పుడు ఎటు వంచితే అటు వంగుతుంది. బకెట్టు మూతని కొలతగా పెట్టుకుని మూడు చుట్లు చుట్టి నాలుగు చోట్ల పురికొసతో కట్టాను. అడుగుంపావు వెడల్పు వచ్చింది. నరమామిడి ఆకులు ఒక్కొక్కటీ ఒకే వైపు వాలేట్టు తీగల మధ్య దోపాను. ఈ ఆకు నాలుగు రోజులు పచ్చగా ఉంటుంది, వాడితే తీసి కొత్తది దోపుకోవచ్చు. ఎదురుగుండా స్కూలు గోడ పొడుగునా ఆ చెట్లే, కొదవ లేదు.

చిక్కు వచ్చింది ఎరుపు దగ్గర. మొదట గురివింద గింజలనుకున్నాను, చూడ్డానికి వాటంత అందమైనవి ఇంకేం లేవు. కానీ ఆ గింజ పగిలి నోట్లోకి పోతే విషం. పిల్లలు వచ్చీ పోయే ఇల్లు, వద్దనుకున్నాను. తర్వాత గుండు మిరపకాయలు. గుంటూరు పక్కన ఉంటూ ఎరుపు కోసం వెతుక్కోవడమేమిటని ఐదేసి కాయలు గుత్తులు కట్టి మధ్యమధ్యలో పెట్టాను. నిజంగానే అదిరింది.

సాయంత్రం పక్కింటి పిన్నిగారు గేటు దగ్గరే ఆగిపోయారు.

"ఏమ్మా, ఎవరిదన్నా దిష్టి తగిలిందా?"

"లేదు పిన్నిగారూ, క్రిస్మస్ దండ."

"మిరపకాయలు కట్టావు కదా, ఒక నిమ్మకాయ కూడా కట్టాల్సింది" అని సీరియస్‌గానే చెప్పి వెళ్లారు. మా ఆయన గంటసేపు నవ్వు ఆపలేదు. ఈలోగా పాప మిరపకాయలు ముట్టుకున్న చేత్తో కన్ను నులుముకుని ఏడుపు. మిరపకాయలు వంటింటికి వెళ్లిపోయాయి. వాటి బదులు చిరిగిన పట్టుచీర ఎర్ర అంచు రెండు వేళ్ల వెడల్పు చించి, కింద ముడి వేసి వదిలాను. పక్కన ఏడు కుంకుడు కాయలు. ఇప్పుడు ఎవరూ దిష్టి అనరు.

డిసెంబరు 6, శనివారం

బత్తాయి చక్రాలు పోయాయి. మంగళవారం అరడజను కాయలు పావు అంగుళం మందాన కోసి, పాత పంచె గుడ్డ కప్పి మేడ మీద ఎండబెట్టాను. రెండు రోజులు మబ్బు, పొద్దున తొమ్మిదింటి దాకా మంచు, పైగా సముద్రపు గాలి. మూడో రోజుకి అంచుల్లో బూజు. వడియాలు పెట్టే మనిషిని, డిసెంబరులో ఇక్కడ ఏవీ సరిగా ఎండవని తెలిసి కూడా చేశాను చూడండి.

రెండో దఫా తమ్ముడు వాళ్లింట్లో ఓవెన్‌లో. ఈసారి కమలాలు. చక్రాలు తువ్వాలు మీద వేసి తడి బాగా అద్ది, 100 డిగ్రీల దగ్గర మూడున్నర గంటలు, గంటకోసారి తిప్పుతూ. బయటకి తీసినప్పుడు ఇంకా మెత్తగానే అనిపించాయి, చల్లారాక గట్టిపడ్డాయి. వెలుగుకి ఎత్తి చూస్తే తొనల గీతలు రథచక్రంలా కనిపిస్తున్నాయి. బత్తాయి రెండు చక్రాలు కూడా పెట్టి చూశాను, అవి గోధుమ రంగుకి తిరిగాయి. రంగు కావాలంటే కమలాయే.

డిసెంబరు 7, ఆదివారం

పల్నాడు నుంచి పెదనాన్నగారు బస్సులో ఒక అట్టపెట్టె పంపారు. నిండా పత్తి డిప్పలు. దూది తీసేశాక చెట్టుకి మిగిలే ఎండు కాయ డొల్లలివి. ఏ కాయ చూసినా నాలుగో ఐదో రెక్కలుగా విచ్చుకుని, కొసలు బయటికి వంగి ఉంటుంది. ఐదు రెక్కలవి ఏరితే అచ్చం నక్షత్రాలే. ఎవరూ కత్తిరించలేదు, ఎవరూ అతికించలేదు. చేనంతా ఇవే ఉంటాయి, దున్నేస్తారు.

చిన్నప్పుడు మా ఇంట్లో చెట్టు మీద మంచని చెప్పి దూది పెట్టేవాళ్లం. బాపట్లలో మంచు ఏమిటో, దాన్ని దూదితో చేయడమేమిటో ఎవరూ అడగలేదు. ఈసారి దూది లేదు, దూది ఉన్న గూళ్లే పెడుతున్నాం.

కొసలు సూదుల్లా ఉన్నాయి, ఒకటి గోరు కిందకి దిగింది. గోరు కత్తెరతో కొసలు కొంచెం కొంచెం కొట్టేశాను. లోపలి వైపు మాత్రమే సున్నం పలచగా పూశాను, బయట ఆ మట్టిరంగు అలాగే వదిలేశాను. రెండో పూత వేస్తే పొలుసులు రాలింది, కాబట్టి ఒక్క పూతే. తొడిమకి సన్న రాగి తీగ చుట్టి చెట్టుకి కట్టాలి.

రాగి నారు మొలిచింది. ముద్దుగా ఉంది. మరీ తొందరగా ఉంది.

డిసెంబరు 10, బుధవారం

దేవదూతలు. బాగా రాసుకోవాల్సింది ఇదే, వచ్చే ఏడాదికి మర్చిపోతాను.

మొక్కజొన్న పొట్టు పైపొరలు గరుకు, లోపలి నాలుగైదు పొరలే పనికొస్తాయి. అవి ఎండి ముడుచుకుపోయాయి కదా, గోరువెచ్చటి నీళ్లలో పావుగంట ఉంచితే పట్టుగుడ్డలా సాగుతాయి. ఒక కుంకుడు కాయని పొర మధ్యలో పెట్టి, పొరని మడిచి కింద దారంతో బిగిస్తే తల. ఇంకో పొర సన్నగా చుట్టి అడ్డంగా పెట్టి కడితే చేతులు. నాలుగు పొరలు తలకిందులుగా, అంటే వెడల్పు భాగం తల మీదుగా పైకి ఉండేట్టు నడుము దగ్గర కట్టి, అప్పుడు కిందకి మడవాలి. గౌను గుండ్రంగా విచ్చుకుంటుంది. మామూలుగా కిందికి పెట్టి కడితే చీపురులా అవుతుంది. మొదటి మూడూ చీపుర్లే.

రెక్కలకి ఒక వెడల్పాటి పొరని మధ్యలో నొక్కి వెనక కట్టడం. తర్వాత గౌను లోపల చిన్న గ్లాసు బోర్లించి రాత్రంతా వదిలేయాలి. లేకపోతే ఆరేటప్పుడు ఒక పక్కకి ముడుచుకుని దేవదూత కుంటుతుంది. పాప ఒకదానికి మొక్కజొన్న పీచుతో జడ వేసింది. ముఖాలు గీయలేదు. గీస్తానంటే అత్తయ్య ఒప్పుకోలేదు, "గీస్తే బొమ్మ, గీయకపోతే దూత" అంది.

మొత్తం పదకొండు నిలబడ్డాయి.

డిసెంబరు 13, శనివారం

నక్షత్రం. మామయ్యగారి చట్రంలో ఒక్కో బద్దా రెండున్నర అడుగులు. ముందు నక్షత్రానికి ఐదు, వెనక దానికి ఐదు. రెండింటినీ ఐదు కొసల దగ్గర కలిపి కట్టేసి, మధ్యలో బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్లా ఐదంగుళాల పుల్లలు అడ్డం పెడితే పొట్ట ఉబ్బినట్టు వస్తుంది. పాప స్కేలు తెచ్చి కొలిచింది. 30 అంగుళాల బద్దకి రెక్క అంచు పదకొండున్నర, మధ్య ఐదుమూలల పలక భుజం ఏడు. కాగితం ముక్కలు లెక్కేస్తే ముందు ఆరు, వెనక ఆరు, రెక్కల పక్కలకి పది, మొత్తం 22. మామయ్యగారు ఇవన్నీ కాగితం మీద ఎప్పుడూ లెక్కేసుకోలేదు, బద్ద మీద చెయ్యి పెట్టి కత్తిరించేసేవారని అత్తయ్య చెప్పింది.

నా ఆలోచన ఏమిటంటే, రంగు కాగితం బదులు రెండు బటర్ పేపర్ల మధ్య ఎండిన ఆకులు పెట్టి అతికించాలి. లోపల బల్బు వెలిగితే ఆకుల ఈనెలు కనిపించాలి. రెండు వారాల కిందటే మునగాకూ చింతాకూ పాత డిక్షనరీలో పెట్టి, పైన బియ్యం బస్తా ఎత్తాం. తీసి చూస్తే ఈనె ఒకచోట, ఆకులు ఒకచోట. ఎండగానే చిట్టి ఆకులు రాలిపోయే జాతులు ఇవి. కరివేపాకూ అంతే. మిగిలింది రావి ఆకు, వేపాకు (సగం రాలింది), ఇంకా పాప సరదాకి పెట్టిన సరుగుడు పుల్లలు. రావి ఆకు ఒక్కటే నక్షత్రాన్ని ఆదుకుంది. తోక కొస కూడా విరగలేదు.

జిగురు మైదాతో ఉడికించాను, పలచటి గంజిలా. రాత్రి పదింటికి 22 ముక్కలూ అయ్యాయి. బల్బు పెట్టి చూడకుండానే పడుకున్నాం, నడుం పోయింది.

డిసెంబరు 14, ఆదివారం

బొద్దింకలు. ముందు వైపు రెండు రెక్కలు అంచుల వెంట కొరికేశాయి. మైదా వాటికి విందు.

పాస్టరుగారి నాన్నగారు ఒకప్పుడు పుస్తకాలు బైండింగ్ చేసేవారు. చర్చి తర్వాత ఆయనతో చెప్పుకుంటే, "మైలుతుత్తం వేయకుండా జిగురు కాస్తారా ఎవరన్నా?" అన్నారు. గ్లాసు జిగురుకి చిటికెడు చాలట. మైలుతుత్తం అంటే నీలంగా ఉండే కాపర్ సల్ఫేట్, విషమే, అందుకని పాపని వంటింట్లోంచి పంపేసి, పారేసే డబ్బాలో కలిపి, చేతికి కవరు తొడుక్కుని పూశాను. రెండు రెక్కలూ మళ్లీ వేశాం.

రాగి నారు జానెడు దాటి ఒరిగిపోయింది, కింద పసుపు. కోసి పక్కింటి ఆవుకి వేశాను. కొత్తగా నానబెట్టాను, ఈ రాత్రికి చల్లుతాను. పది రోజులు సరిగ్గా సరిపోతాయి.

డిసెంబరు 17, బుధవారం

పశువుల పాకకి గడ్డి. ఇక్కడ కోతల కాలం, ఎటు చూసినా గడ్డే, కానీ మిషన్ కోసిన గడ్డి నలిగి ముక్కలై ఉంటుంది, కప్పు వేయడానికి కుదరదు. చేత్తో కోసిన మడి కోసం రెండు ఊళ్లు తిరిగి ఒక కట్ట తెచ్చారు మా ఆయన. సాంబమసూరి గడ్డి, అంటే మా బాపట్లలోనే పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204. బేత్లెహేములో ఏ గడ్డి ఉందో గానీ, మా బాలయేసు ప్రతి ఏడాదీ దీని మీదే పడుకుంటాడు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో ఊళ్లో అస్సీసీ సెయింట్ ఫ్రాన్సిస్ మొదటిసారి పాకని కట్టి చూపించినప్పుడు కూడా ఆ చుట్టుపక్కల గడ్డే వేసి ఉంటారు కదా.

కప్పుకి గడ్డి పరిచేటప్పుడు కింద నుంచి పైకి వేయాలి, పై వరస కింది వరసని కప్పాలి. వంటింటి పాకలు కట్టిన రోజులు చూసిన అత్తయ్య పక్కన కూర్చుని చెప్తుంటే నేను కుట్టాను. వాన రాదు, ఇంట్లోనే ఉంటుంది, అయినా తప్పు వేస్తే ఆవిడ ఊరుకోలేదు.

అత్తయ్య స్వయంగా చేసినవి తాటాకు చిలకలు. ప్రతి మట్టల ఆదివారానికీ వీధి పిల్లలందరికీ ఆకుతో సిలువలు అల్లిచ్చే చెయ్యి అది. లేత మొవ్వాకు దొరికితే చాలు, మాట్లాడుతూనే అల్లేస్తుంది, చూపు ఆకు మీద ఉండదు. నేను నేర్చుకుందామని కూర్చున్నాను. ఆవిడవి పదహారు, నాది ఒకటి. నాదాన్ని పాప కప్ప అంది.

డిసెంబరు 20, శనివారం

పొద్దున చెట్టు అలంకరణ. ముందు ప్లాస్టిక్ కొమ్మలకి సరుగుడు రెమ్మలు కలిపి కట్టాను. ఇది ఇవాళే ఎందుకంటే, వారం కిందట ట్రయల్‌గా కట్టినవి ఐదు రోజులకే రాలి గదంతా పుల్లలు. ఈసారి తోట నుంచి పొద్దున్నే తెచ్చి, కోసిన చోట తడి దూది చుట్టి పైన చిన్న కవరు కట్టాను. దూది వద్దనుకున్న చెట్టులోకి అలా దూది వచ్చింది.

పత్తి డిప్పలు నలభై, సరుగుడు కాయల గుత్తులు, కమలా చక్రాలు పద్దెనిమిది, చిలకలు, దూతలు. మిగిలిన ఏడు గాజు బంతులూ పెట్టాం, పాతవని వాటిని దాచలేదు. సీరియల్ లైట్లు ఎండు పొట్టుకి తగలకుండా లోపలి కొమ్మలకే చుట్టాను. నక్షత్రంలో ఐదు వాట్ల ఎల్‌ఈడీ. మామయ్యగారి కాలంలో అరవై వాట్ల బల్బు పెట్టేవారట, ఒకసారి కాగితం గోధుమ రంగుకి మాడిందట. కొవ్వొత్తులు బయట వరండాలో మాత్రమే.

మేడ మీద కర్ర కట్టి నక్షత్రాన్ని ఎత్తేసరికి ఏడు దాటింది. స్విచ్చి వేశారు. రావి ఆకులు నల్లగా నీడల్లా వస్తాయనుకున్నాను. కానీ వెలుగు ఆకులోంచి కూడా దిగి, ఆకు తేనె రంగులో, ఈనెలు ముదురు గోధుమలో కనిపించాయి. మళ్లీ వేసిన రెండు రెక్కల్లో మైలుతుత్తం వల్ల అనుకుంటా, కాగితం లేత నీలంగా ఉంది. మిగతావన్నీ పసుపు, ఆ రెండే నీలం. అత్తయ్య గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూసి, ఏమీ అనలేదు. కాసేపు అక్కడే నిలబడింది.

క్యారల్స్ వాళ్లు పదకొండున్నరకి వచ్చారు. పాట అయ్యాక డప్పు కొట్టే కుర్రాడు చెట్టు దగ్గర వంగి, "ఆంటీ, ఇవి మా చేలో ఉంటాయి కదా" అన్నాడు పత్తి డిప్ప చూపించి. అవునన్నాను. ఒకటి జేబులో వేసుకెళ్లాడు.

డిసెంబరు 24, బుధవారం

రాగి నారు మూడంగుళాలు, నిటారుగా, లేతపచ్చగా. పాక ముందు పెట్టాం. లెక్క కుదిరింది. కేకు, అరిసెలు, జంతికలు, ఇల్లు తుడుపు. ఈ రోజు ఇంతకన్నా రాయలేను.

డిసెంబరు 28, ఆదివారం

ఖర్చు లెక్క అడుగుతున్నారు మా ఆయన. బటర్ పేపరు 120, రాగి తీగ 60, పురికొస 30, కమలాలు 90, రాగులు, మైదా ఇంట్లోవే. మైలుతుత్తం 20. మొత్తం 320 రూపాయలు. పెట్రోలు నేను కలపలేదు, ఆయన కలిపారు.

వచ్చే ఏడాదికి గుర్తులు: ఆకులు అక్టోబరులోనే డిక్షనరీలో పెట్టాలి. రావితో పాటు బొప్పాయి లేతాకు కూడా చూడాలి. దూతలకి పొట్టు ఎండకముందే, తెచ్చిన రోజే పని మొదలెట్టాలి, నానబెట్టే బాధ తప్పుతుంది. బత్తాయిల జోలికి పోకూడదు.

జనవరి 4, ఆదివారం

అన్నీ సర్దేశాం. పత్తి డిప్పలు వేపాకు వేసిన అట్టపెట్టెలో, కమలా చక్రాలు మూత బిగుతుగా ఉండే డబ్బాలో, కింద బియ్యం పోసి. నక్షత్రం మళ్లీ గోనెసంచిలోకి.

గుమ్మం దండ తీసి, వాడిన నరమామిడి ఆకులు లాగేసి, తీగ చుట్ట చెత్తలో వేయబోతుంటే వేలికి ఏదో తగిలింది. ముడి పక్కన, తొక్క పగిలిన చోట లేత మొలక. పక్కనే ఇంకొకటి. నెల రోజులు నీళ్లూ మట్టీ లేకుండా మేకుకి వేలాడిన తీగ. తిప్పతీగని కోసి చెట్టు మీద పడేసినా బతుకుతుందని అత్తయ్య ఎన్నోసార్లు చెప్పింది గానీ, నేను వినలేదు. రెండోదానికి అప్పుడే ఆకు విచ్చుకుంది, పాప చిటికెన గోరంత, గుండె ఆకారంలో.

పురికొస కూడా విప్పకుండా చుట్టని చుట్టగానే వేపచెట్టు మొదట్లో పెట్టి, సగం దాకా మట్టి కప్పాం. పాప చెంబుతో నీళ్లు పోసింది. ఎర్ర అంచు ముడి దానికే ఉండిపోయింది.